మొత్తం మార్కులు చాలవు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను సివిల్ ఇంజనీరును. అయినా ఈ రోజు డాక్టర్ల పరీక్ష గురించి నాలుగు మాటలు చెబుతాను. మా అమ్మాయి ఎం.ఆర్.సి.పి.కి చదువుతుంటే ఇంట్లో రోగి వేషం వేసింది నేనే.

మన ప్రాక్టికల్ పరీక్షలు గుర్తున్నాయా? సులువైన ప్రయోగం రావాలని బోయకొండ గంగమ్మకు మొక్కుకుని చీటీ తీసేవాళ్లం. వైద్యవిద్యలోనూ ఇదే తంతు ఉండేది. తేలికైన కేసు, శాంతంగా ఉండే పరీక్షకుడు దొరికినవాడు గట్టెక్కేవాడు. ఈ అదృష్టం పాలు తగ్గించాలని స్కాట్లాండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు ఒక పద్ధతి రూపొందించి, 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. దాని పేరు ఓస్కీ. అభ్యర్థి ఒక్కో స్టేషను దగ్గర ఆగి, చెప్పిన పని చేసి చూపి, గంట మోగగానే పక్క స్టేషనుకు పోవాలి. అందరికీ అవే పనులు, అదే మార్కుల పట్టిక. మన సంఘంలాగే దానికీ యాభై ఏళ్లు నిండాయి.

ఎం.ఆర్.సి.పి.లో చివరి మెట్టయిన పేసెస్ కూడా ఆ కోవలోదే. ఐదు స్టేషన్లు, ఒక్కొక్కటి 20 నిమిషాలు. ప్రతిచోటా ఇద్దరు పరీక్షకులు ఎవరికి వారే మార్కులు వేస్తారు. రోగిని పరీక్షించడం, జబ్బు గుర్తులు పట్టుకోవడం, మాట్లాడే తీరు, ఇలా ఏడు నైపుణ్యాలు చూస్తారు. అందులో ఒకటి రోగి క్షేమం. మొత్తం ఎంత వచ్చినా, ఏడింటిలో ఒక్కదాంట్లో కనీస మార్కు రాకపోతే తప్పినట్టే.

మా అమ్మాయి చెన్నైలో మొదటిసారి రాసినప్పుడు మొత్తం మార్కులు దండిగా వచ్చాయి. రోగి క్షేమం దగ్గర పోయింది.

"ఇదేం న్యాయమ్మా?" అన్నాను.

"న్యాయమే నాన్నా. పెద్దాయన పొట్ట నొక్కేటప్పుడు ఆయన ముఖం చూడలేదు. ఆయనకు నొప్పి పుట్టినా గమనించలేదు" అంది.

నేనింక మాట్లాడలేదు. నాలుగు పిల్లర్లలో మూడు గట్టిగా ఉన్నాయి, నాలుగోదాన్ని సర్దుకోండి సార్ అని కాంట్రాక్టరు అంటే నేను సంతకం పెడతానా? సగటు బలం మీద ఇల్లు నిలబడదు.

మళ్లీ మంచం మీద పడుకున్నాను. ఈసారి నా మీద చెయ్యి వేసే ముందు "ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడిగేది. నా ముఖం మీంచి చూపు తిప్పేది కాదు. రెండోసారి పాసయింది.

మన ఆరోగ్యవరం శానిటోరియానికి, క్షయకు మందులు లేని రోజుల్లోనే రోగులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. వాళ్లకు దొరికింది విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి, ఆదరణ. ఆ ఆదరణకు కూడా మార్కులుండే పరీక్ష ఒకటుందని ఈ బడి పిల్లలకు చెప్పాలనిపించింది. డాక్టరైనా, ఇంజనీరైనా, ఎదుటి మనిషి ముఖం చూసి పని చెయ్యండి.