టీవీ నుంచి స్టీరియోకు ఏ కేబుల్?

సీడీ ప్లేయర్లు, టీవీల వెనుక ఎక్కువగా కనిపించే డిజిటల్ ఆడియో సాకెట్లు ఆప్టికల్, కోయాక్సియల్. రెండింటిలోనూ వెళ్లేది సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన ఎస్పీడిఫ్ సంకేతమే. కోయాక్సియల్‌కు 75 ఓమ్‌ల కేబుల్ చాలు. ఖరీదైనది కొన్నందువల్ల ఒరిగేదేమీ లేదు.

1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్‌లో ఎర్రటి కాంతి ప్రయాణిస్తుంది. రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధం ఉండదు కాబట్టి, ఎర్త్ లూప్ వల్ల స్పీకర్లలో వచ్చే గుయ్‌మనే మోత ఈ దారిన రాదు. కేబుల్‌ను గట్టిగా మడిస్తే మాత్రం పాట తెగిపోతుంది. కొనలకున్న ప్లాస్టిక్ మూతలు తీయకుండానే గుచ్చేవాళ్లూ ఉంటారు!

టీవీకి కలిపాక శబ్దం రాకపోతే సెట్టింగ్స్‌లో డాల్బీకి బదులు పీసీఎం ఎంచుకోవాలి. చాలా స్టీరియో యాంప్లిఫయర్లు డాల్బీని విప్పలేవు. టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మార్చుకోవాలంటే, యాంప్లిఫయర్‌కూ హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ సాకెట్ ఉంటే, అదే మేలు.