కావాలనే రాల్చిన వెన్నులు

ఈ పూట రూతు గ్రంథం 2వ అధ్యాయంలోని యవల చేను దగ్గర కాసేపు నిలబడదాం.

రూతు మోయాబు స్త్రీ. భర్త పోయాడు, ముసలి అత్తను పోషించాలి. పొలం మూలలనూ రాలిన పరిగెనూ బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలన్నది ధర్మశాస్త్రం. బోయజు అంతటితో ఆగలేదు. పనల్లోంచి కొన్ని వెన్నులు కావాలనే లాగి పడవేయమని, ఆమెను ఏమీ అనవద్దని పనివాళ్లతో చెప్పాడు. ఒక మూట కట్టి ఇంటికి పంపడం అతనికి తేలికే. కాని ఆమె చేతులకు పని ఉండనిచ్చాడు. సాయంత్రానికి దాదాపు తూమెడు యవలు అత్త ముందు పెట్టింది.

మా సంఘంలో భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరికి నెలనెలా బియ్యం ఇచ్చేవాళ్లం. పేరు చదివి, అందరి ముందూ. తప్పు నాదే. ఆమె గుడికి రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే, "బియ్యం వద్దు అయ్యగారూ, ఏదైనా పని చూపించండి" అంది. ఒక హాస్టల్లో వంటపని దొరికింది. తెల్లవారుజామున 4 గంటలకే వెళ్లాలి. మరి చంటిబిడ్డను ఎవరు చూస్తారు? నాకైతే ఆ ఆలోచనే రాలేదు. పక్కింటి మామ్మగారు, "నాకెలాగూ నిద్ర పట్టదు, తెచ్చి నా పక్కలో పడుకోబెట్టమ్మా" అన్నారు. మొదటి జీతం వచ్చేదాకా ఆటో ఛార్జీలు స్త్రీల సమాజం వాళ్లు వేసుకున్నారు.

ఆదివారం ఆరాధనలో ఆ పిల్లవాడు ఇప్పటికీ మామ్మగారి ఒడిలోనే కూర్చుంటాడు. తల్లి పిలిచినా రాడు.