తుపాకికి తుప్పు పట్టకుండా



నేను కలెక్టరు కచేరీలో ఆయుధాల లైసెన్సుల సీటు చూసిన గుమాస్తాను. మనలో కొందరి ఇళ్ళలో తండ్రుల నాటి పన్నెండు బోరు తుపాకి ఉంది. రోజూ వాడేదానికంటె ఏళ్ళ తరబడి మూలనున్నదానికే తుప్పు భయం ఎక్కువ.

ఇనుముకు గాలి, తేమ తగిలితే తుప్పు. చేతి చెమటలోని ఉప్పు, సముద్రతీరపు గాలి దానికి తోడు. చాలామంది తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తారు. తోలు తేమను పీల్చి ఇనుముకే అంటిస్తుంది. ఆ సంచి మోసుకుపోవడానికే గాని దాచడానికి కాదు.

దాచేముందు తూటాలు లేవని కళ్ళారా చూడండి. గొట్టం లోపల మసి పోయేదాకా కడ్డీకి గుడ్డ చుట్టి తుడవండి. ఆరిన తరువాత గన్ ఆయిల్ పలచగా రాయండి. వంటనూనెలు వద్దు, ముక్కి జిగురు కడతాయి. నూనె ఎక్కువైతే కిందికి దిగి చెక్కను పాడుచేస్తుంది. వేలిముద్ర పడితే అక్కడ మళ్ళీ తుడవండి. గొట్టం మూతికి గుడ్డ కుక్కవద్దు: లోపల తేమ నిలుస్తుంది, మరచి పేలిస్తే గొట్టమే పగులుతుంది. తాళం వేసిన బీరువాలో సిలికాజెల్ సంచి ఉంచండి, తేమ పీల్చుకున్నాక వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. తూటాలు వేరే తాళంలో ఉండాలి. వానాకాలంలో నెలకొకసారి చూడండి.

ఎన్నికల వేళ స్టేషనులో అప్పగించమంటే, నూనె రాసి, ఉన్న స్థితి రసీదులో రాయించుకోండి. తిరిగి తీసుకునేనాడు వాదులాట ఉండదు.

లోపల గుంటలు పడ్డ గొట్టం ఒత్తిడికి తాళకపోవచ్చు. గరుకు కాగితంతో రుద్దకుండా లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపండి. పేల్చి పరీక్షించవద్దు.

చివరిమాట. లైసెన్సుదారు పోతే తుపాకి వారసుల ఇంట ఊరికే ఉండరాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆలస్యం లేకుండా పోలీసుస్టేషనులోనో, లైసెన్సున్న డీలరు వద్దనో అప్పగించాలి. వారసుడు లైసెన్సు పొందితే తిరిగి తీసుకోవచ్చు. కనుక ఆ తుపాకి ఎక్కడుందో, కాగితాలెక్కడున్నాయో మీ పిల్లలకు ఈనాడే చెప్పండి. మనం పోయాక వారు పోలీసుల ముందు తెల్లమొహం వేయరాదు.