ఆకాశమున దూరదర్శిని - నేలపై వంతులు

పంచాయతీ సభ్యులారా,

ఒకే చెరువు క్రింద రెండు మూడు గ్రామముల ఆయకట్టు ఉన్నచో నీటి వంతులు ఎట్లు సాగునో మీకు మేము చెప్పనక్కరలేదు. నేడు మేము చెప్పబోవు వంతులు నీటివి కావు. భూమికి వేలాది కిలోమీటర్ల ఎత్తున తిరిగిన ఒక దూరదర్శినివి.

దాని పేరు ఇంటర్నేషనల్ అల్ట్రావయొలెట్ ఎక్స్‌ప్లోరర్. నక్షత్రముల నుండి వచ్చు అతినీలలోహిత కిరణములలో అధికభాగమును మన వాయుమండలము అడ్డగించును. వానిని పరిశీలింపవలెనన్న పరికరమును గాలిపొరకు పైకి పంపక తప్పదు. అమెరికా సంస్థయైన నాసా, ఐరోపా అంతరిక్ష సంస్థ, బ్రిటను కలిసి 1978 జనవరి 26న దీనిని పంపినవి. అద్దము వెడల్పు 45 సెంటీమీటర్లు మాత్రమే.

ఖర్చు పంచుకొన్నవారు కాలమును గూడ పంచుకొనిరి. దినమునకు 16 గంటలు అమెరికాలోని గాడర్డు కేంద్రమునకు, 8 గంటలు స్పెయినులో మాడ్రిడు చెంతనున్న విల్లాఫ్రాంకా కేంద్రమునకు. ఉపగ్రహము దినమునకొక చుట్టు తిరుగునట్లు ఉంచుటచే గాడర్డు వారికి అది ఏ వేళనైనను అందుబాటులో నుండెను. శాస్త్రజ్ఞుడు నియంత్రణ గదిలో ఆపరేటరు ప్రక్కన కూర్చుండి, తెరపై కనిపించు చుక్కలలో తనకు కావలసినదానిని చూపును. ఆపరేటరు ఆజ్ఞ పంపును. దూరదర్శిని అటు తిరుగును. ఈ సౌకర్యము అన్నిటికిని లేదు. హబుల్ దూరదర్శినికి కార్యక్రమమును ముందుగానే నిర్ణయించి పంపుదురు.

దూరదర్శిని చెదరక ఒకే దిక్కున నిలుచుటకు గైరోస్కోపులు కావలెను. ఇందులో ఆరు ఉండెను. మూడు పనిచేసిన చాలును. ఒకటి వెంట ఒకటి చెడిపోగా 1985 ఆగస్టులో నాల్గవది గూడ ఆగినది. మిగిలినవి రెండే. మరమ్మతునకు అంత ఎత్తునకు మనిషిని పంపుట సాధ్యము కాదు. అయితే ఇట్టి దినము రాగలదని ఇంజనీర్లు ముందే ఊహించి, రెండు గైరోలతోను, సూర్యుని దిశను కొలుచు పరికరముతోను నడుపు పద్ధతిని సిద్ధము చేసియుంచిరి. ఆ క్రొత్త ఆజ్ఞలను రేడియో ద్వారా పైనున్న కంప్యూటరునకు అందించిరి. దూరదర్శిని మరల పనిలో చేరినది. రెండేండ్లు నిండకమునుపే, 1987 ఫిబ్రవరి 24న, ఒక నక్షత్రము ప్రేలిన వార్త రాగా ఆ దినముననే దానివైపు తిరిగినది. ప్రేలినది ఏ నక్షత్రమో తేల్చుటలో దీని పరిశీలనలే ఆధారమైనవి. ఆగస్టునాటి ఆ సిద్ధపాటు లేకున్నచో ఈ అవకాశము చేజారియుండెడిది.

మూడేండ్లు పనిచేయునని తలచి పంపినది 18 ఏండ్లకు పైగా పనిచేసినది. 1996లో ఐదవ గైరో పోయినను, మిగిలిన ఒక్కదానితో నడిపిరి. కడకు దానిని ఆపినది యంత్రదోషము గాదు, నిధుల కొరత. ఈ మాట మీకు చెప్పక దాచుట న్యాయముగా మాకు తోచలేదు. బడ్జెటు కష్టములు మీరెరుగనివి కావు. ఆ యేడు సెప్టెంబరు 30న మిగిలిన ఇంధనమును వెలికి వదలి, బ్యాటరీలను ఖాళీచేసి, రేడియోను ఆపివేసిరి. లక్షకు మించిన దాని పరిశీలనలు మాత్రము భద్రముగా నున్నవి. ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను నేటికిని వానిని తీసి చూడవచ్చును.