తూటా తరవాత వచ్చిన విచారణ



రైతు నాయకుడు గౌతు లచ్చన్న గారి పేరు మీద మాట్లాడమన్నారు. ప్రజాస్వామ్యానికి ముప్పు అనగానే అందరికీ ఎమర్జెన్సీ గుర్తొస్తుంది. ఆయనా అప్పుడు జైలుకు వెళ్లిన మనిషే. అయితే ఒక సంగతి మనం తరచూ మరచిపోతాం. 1977లో ఉత్తరాది ఓటర్లు ఆ పాలనను దించేస్తే, మన రాష్ట్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఓటు ఒక్కటే మనల్ని కాపాడుతుందని నేను అనుకోను. వినవలసిన వేళ ఊరి మాట వినకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీ అడవిలో కట్టెల హక్కు దగ్గర మొదలైన గొడవ గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులదాకా వెళ్లింది. నిండు గర్భిణి గున్నమ్మ నేలకొరిగింది. మద్రాసు మంత్రివర్గం అంతకు కొన్ని నెలల ముందే రాజీనామా చేసింది. రైతుకు జవాబు చెప్పే మంత్రే లేడు. జమీందారీ రద్దు చట్టం 1948లో గాని రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మంత్రులున్నారు, చట్టాలున్నాయి. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1959లోనే ఏజెన్సీకి నిబంధన చేశారు. అయినా 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, మొండెంఖల్ సభకు నడిచి వెళ్తున్న గిరిజనులు కోరన్న, మంగన్న భూస్వాముల తుపాకులకు బలయ్యారు. ఆ తరవాత కొందరు ఆయుధం పట్టారు. ఆ దారి నాకు సమ్మతం కాదు. కాని 1959 నిబంధనను గట్టిగా బిగించింది 1970లో, ఆ దారి పట్టిన పంచాది కృష్ణమూర్తి, సుబ్బారావు పాణిగ్రాహి చనిపోయాక.

ఇక మన బీల. ఇక్కడ పుట్టినవాళ్లకు నేను వర్ణించక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం నీరు నిలిచే పల్లం అది. మత్స్యకారుడికి చేప, పశువుకు మేత, చుట్టుపక్కల వరికి తడి, అన్నీ అక్కణ్ణుంచే. అక్కడ కట్టాలనుకున్న థర్మల్ విద్యుత్ కేంద్రం కాగితాల్లో మాత్రం అది పనికిరాని నేల అయింది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. అభిప్రాయం చెప్పడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. కాని 2010 జులై 14న, ఆ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసులు కాల్చారు, మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది బీడు కాదు, నీటి నేల అని ఊళ్లవాళ్లు మొదటి నుంచీ చెప్పిన మాటే అక్కడ నిలిచింది.

ఆ ఉత్తర్వు చదివిన అధికారి ఎవరైనా ఈ జిల్లాలో మరో పల్లం జోలికి వెళ్లేముందు ఆ ఊరివాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. కాని ఏడున్నర నెలలకు, 2011 ఫిబ్రవరి 28న, మరో నీటి నేల అయిన కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి.