జాబితాలో ఉన్నవారు, లేనివారు

షోలాపూర్ అశోక్ చౌక్ తెలుగు నేతపనివారి పేట. అక్కడి ముసలివాళ్లకు పింఛను ఏమాత్రం ఆసరాగా ఉందో తెలుసుకోవాలనుకుందాం. పి.ఎఫ్. జాబితాలో ప్రతి నూరో పేరూ ఎంచితే సరిపోతుందా?

1995 నవంబరు 16న వచ్చిన ఉద్యోగుల పింఛను పథకంలో వృద్ధాప్య పింఛనుకు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీలకూ పి.ఎఫ్. వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక లెక్క సరిగా జమపడిన బీడీ కార్మికురాలు జాబితాలో ఉంటుంది. ఏ కార్ఖానా పుస్తకంలోనూ పేరెక్కకుండా ముప్పయ్యేళ్లు మరమగ్గం నడిపినవాడు ఉండడు. ఎంత నిష్పక్షపాతంగా చీట్లు తీసినా, డబ్బాలో లేని చీటీ చేతికి రాదు కదా!

మరో చిక్కుంది. జాబితా లెక్కించేది పింఛన్లను, మనుషులను కాదు. తన పింఛనుతోపాటు వితంతు పింఛనూ అందుకునే ఆమెకు రెండు నంబర్లు. నమూనాలో ఆమె పడే అవకాశం రెట్టింపు. కాని ఒక్క నంబరు చూస్తే ఆమె రాబడి కొంతే కనబడుతుంది.

అందుచేత ముందు నంబర్లను మనిషివారీగా కలపాలి. తరువాత అదే పేటలో ఇంటింటికీ వెళ్లి, పింఛను రాని ముసలివాళ్లనూ రాసుకోవాలి. 2014 సెప్టెంబరులో కనీస పింఛను వెయ్యి రూపాయలు చేశారు. అది పెరిగినా, జాబితాలో లేనివారికి ఒరిగేదేమీ లేదు. ముందు లెక్కలోకి రావలసింది వాళ్లే.