బావి ఆగితే వెబ్‌సైటూ ఆగాలా?

గోదావరిఖని బజారుకు సొంత క్యాలెండర్ ఉంది. దసరా ముందు సింగరేణి బొగ్గు సంస్థ కార్మికులకు లాభాల వాటా పడితే బట్టల కొట్టు నుంచి బైకుల షోరూం దాకా కళకళే. 2011లో తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బొగ్గు బావులు ఆగాయి. బావి ఆగితే జీతం ఆగుతుంది, జీతం ఆగితే గిరాకీ. బావులే కాదు, 1999లో మూతపడ్డ రామగుండం ఎరువుల కర్మాగారంలో మళ్లీ ఉత్పత్తి మొదలవడానికి 2021 దాకా పట్టింది.

ఇలాంటి ఊళ్లో ఇద్దరు ముగ్గురితో వెబ్‌సైట్లు చేసేవాళ్ల పనే మొదట తెగుతుంది. కొట్టు ముందు బోర్డు మానని షావుకారు సైటు మానేస్తాడు. కాబట్టి కొత్త బేరాల కన్నా పాత సైట్ల ఏడాది నిర్వహణే కూడు పెడుతుంది: హోస్టింగ్ రెన్యువల్, ధరల మార్పు, పండగ ఫొటోలు. డొమైన్ మాత్రం కస్టమర్ పేరుతోనే తీయండి. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని బాకీ వసూలు చేయడం నాకైతే నచ్చదు.

బాకీ అంటే గుర్తొచ్చింది. చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు, అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఉచితం. అది ఉన్న చిన్న సంస్థకు, 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందం రాసుకున్నా 45 రోజుల్లోపే డబ్బు చెల్లించాలి; రాసుకోకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. అయితే రోజూ చౌరస్తాలో ఎదురుపడే మనిషి మీద కేసు ఎవరు వేస్తారు? సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే కీబోర్డు ముట్టుకోండి.